బెజవాడ, గుంటూరుల్లో బొమ్మలు చూడాలంటే

బెజవాడలో చిత్రప్రదర్శనలు చాలావరకు రెండు మూడు రోజుల్లో ముగిసిపోతాయి. ఊళ్లో దిగాక చూద్దాంలే అనుకుంటే గోడలు ఖాళీగా ఉంటాయి. తేదీలు ముందు కనుక్కుని, ఆ తర్వాతే టికెట్ తీసుకోవాలి. మొదట విచారించాల్సింది మొగల్రాజపురంలోని కల్చరల్ సెంటర్ ఆఫ్ విజయవాడ అండ్ అమరావతిలో. ఎక్కడ జరిగినా ప్రారంభోత్సవం పూట మాత్రం వద్దు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ప్రసంగాలు అయ్యేసరికి చీకటి పడుతుంది, కుర్చీలు గోడల దాకా వచ్చేస్తాయి. మర్నాడు పొద్దున్నే వెళ్తే చిత్రకారుడు తీరిగ్గా దొరుకుతాడు. ఏ రంగు మీద ఏ పొర వేశాడో అడగొచ్చు.

గది మంచిచెడ్డలు తేల్చేది దీపాలే. సభల కోసం కట్టిన హాళ్లలో పైకప్పు నిండా ట్యూబ్‌లైట్లు ఉంటాయి. అద్దం బిగించిన నీటిరంగుల బొమ్మ ముందు నిలబడితే ముందు కనబడేది ఆ ట్యూబ్‌లైటే. పైనుంచి సుమారు 30 డిగ్రీల వాలుతో పడే స్పాట్‌లైటుకు ఈ చిక్కు లేదు. దాన్ని గోడకు మరీ దగ్గరగా బిగిస్తే ఫ్రేము నీడ బొమ్మ మీద పడుతుంది, దళసరి రంగు గుట్టలు గుట్టలుగా కనిపిస్తుంది. చౌక ఎల్ఈడీల వెలుగులో ముదురు ఎరుపు తక్కువ కాబట్టి కుంకుమ రంగు ఇటుకపొడిలా తేలుతుంది. సీఆర్ఐ (దీపం రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో నూటికి చెప్పే కొలత) 90కి తగ్గని దీపం ఉంటేనే చిత్రకారుడు వేసిన ఎరుపు మనకు అందుతుంది. అందుకే ఓ బొమ్మ నచ్చలేదని తీసిపారేసే ముందు కిటికీ వెలుగు పడే చోటు నుంచి మళ్లీ చూడటం న్యాయం. బొమ్మ నడిమి భాగం నేలనుంచి 145–150 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. హాల్లో పాత మేకులు ఎక్కడుంటే అక్కడే తగిలించేస్తే చిన్న బొమ్మలు కంటికి అందవు, మెడ పట్టేస్తుంది.

కొనే ఆలోచన ఉంటే ఫ్రేము వెనక తప్పకుండా చూడండి. కృష్ణ ఒడ్డున వానాకాలం చెమ్మకు కాన్వాస్ వదులై మూలల్లో ముడతలు పడుతుంది. బొమ్మకూ అద్దానికీ మధ్య ఎడం ఉంచే మౌంట్ బోర్డు లేకుండా నేరుగా అద్దానికి ఆనించిన కాగితం అద్దానికి అతుక్కుని బూజు పడుతుంది. అలాంటిది ఎంత చౌకగా ఇచ్చినా వద్దు.

బందరు రోడ్డులోని బాపు మ్యూజియం పేరు చూసి బాపు గీతల కోసం వెళ్లేవాళ్లున్నారు. అది ఆయన పేరు పెట్టిన పురావస్తు ప్రదర్శనశాల, పాత విక్టోరియా జూబిలీ మ్యూజియం. అల్లూరులో దొరికిన తెల్ల సున్నపురాతి బుద్ధుడి నిలువు విగ్రహం అక్కడే ఉంది. ఆ వస్త్రపు మడతల కోసమైనా స్కెచ్‌బుక్కు తీసుకెళ్లాలి.

నేటి చిత్రకారుడికి ఈ ప్రాంతంలో అన్నిటికన్నా పెద్ద పాఠం పాత బౌద్ధ స్తూపం ఉన్న అమరావతి ఊళ్లో ఉంది. గుంటూరు నుంచి సుమారు 35 కిలోమీటర్లు, రెండు ఊళ్ల నుంచీ బస్సులున్నాయి. పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఈ సంగతి తెలియక వచ్చి గేటు దగ్గరనుంచే తిరిగిపోయేవాళ్లు ఎక్కువ. పల్నాటి సున్నపురాయి మీద ఆ స్తూపం చెక్కడాల లోతు తక్కువ. ఎదురుగా నిలబడితే చదునుగా ఉంటాయి, పక్కనుంచి వెలుగు పడే వైపుకు జరిగితే జనం, గుర్రాలు, మేడలు లేచి వస్తాయి. ఇక్కడి మేలు ఫలకాలు చాలావరకు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియానికీ, లండన్ బ్రిటిష్ మ్యూజియానికీ వెళ్లిపోయాయి. బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన నలగిరి ఏనుగు ఫలకం ఎగ్మూరులోనే ఉంది. మదమెక్కి పరుగెత్తే ఏనుగు, బుద్ధుడి ముందు మోకరిల్లిన ఏనుగు ఒకే గుండ్రంలో ఇమిడాయి. కాలాన్ని ఒకే చట్రంలో కుదించడమనే ఇప్పటి ప్రయోగం ఇక్కడి శిల్పులకు ఏనాడో తెలుసు.

ఇంకో పూట మిగిలితే తెనాలి. బెజవాడ నుంచి రైల్లో అరగంట పైచిలుకు. నట్లు, గేర్లు, గొలుసులు వెల్డింగ్ చేసి నిలువెత్తు విగ్రహాలు కట్టే శిల్పులున్నారు. ముందు ఫోన్ చేసి అనుమతి అడగాలి. వెల్డింగ్ నిప్పును ఉత్తి కళ్లతో చూడకూడదు.

బస విషయానికొస్తే, రైలు దిగగానే గది కావాలంటే గాంధీనగర్, గవర్నరుపేట. చవక, టిఫిన్లకు లోటు లేదు, కానీ రాత్రంతా హారన్లు. ప్రదర్శనల కోసమే వచ్చినవాళ్లకు మొగల్రాజపురం, బెంజి సర్కిల్ వైపు మేలు. అమరావతికే ఎక్కువ సమయం ఇచ్చేవాళ్లు గుంటూరు బ్రాడీపేటలో దిగితే చాలు. బొమ్మలు మోసుకొచ్చేవాళ్లు లిఫ్టు కొలత ముందే అడగాలి. నాలుగడుగుల కాన్వాస్ చాలా లాడ్జీల లిఫ్టుల్లో పట్టదు, ఆటోలోనూ పట్టదు.

తిరుగు ప్రయాణంలో కాన్వాస్‌ను చట్రం నుంచి విప్పి, రంగు ఉన్న వైపు బయటకు ఉండేలా ఆరంగుళాల వ్యాసం ఉన్న పీవీసీ గొట్టం మీద బటర్ పేపరుతో చుట్టాలి. రంగు లోపలికి పెట్టి చుడితే పొర నలిగి చిట్లుతుంది. బబుల్ రాప్ నేరుగా తగలనివ్వకండి. ఎండకు మెత్తబడిన ఆక్రిలిక్ మీద బుడగల గుండ్రాలు అచ్చుపడతాయి. మే నెలలో బస్సు డిక్కీలో అసలు పెట్టొద్దు. ఆర్టీసీ కార్గోలో గొట్టం పంపొచ్చు, అద్దం ఫ్రేమును మాత్రం చేతిలోనే పట్టుకెళ్లాలి.