జర్మన్ షెపర్డా, బోర్డర్ కోలీనా? కొత్తవాళ్ళ దగ్గర ఏది మేలు?

నేను జర్మన్ షెపర్డ్‌ను తెచ్చుకున్నప్పటి నుంచి విజయవాడ పటమటలో తెలిసినవాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు: అపార్ట్‌మెంట్‌లో పెంచాలంటే ఇది మేలా, బోర్డర్ కోలీ మేలా? వెంట్రుకలు రాలడం, మన మే నెల ఎండలకు తట్టుకోలేకపోవడం రెండింటికీ ఉన్నవే. అసలు చూడాల్సింది కొత్త మనిషి ఎదురైనప్పుడు, వీధికుక్క ఎదురైనప్పుడు అది ఎలా ఉంటుందన్నదే.

రెండూ మందను కాసే జాతులే కానీ కాసే తీరు వేరు. జర్మనీలో కంచె లేని చేల పక్కన గొర్రెలు మేస్తుంటే, హద్దు వెంబడి అటూ ఇటూ తిరుగుతూ ఈ కుక్కే కంచెలా నిలబడేది. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అలాంటి కాపలా కుక్కలతోనే షెపర్డ్ జాతిని స్థిరపరిచాడు. దానికి హద్దంటే పట్టింపు. మన గుమ్మం కూడా దానికి చేను గట్టే.

బోర్డర్ కోలీది ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండల్లో చెదిరిన గొర్రెల్ని పోగుచేసే పని. తల దించి, ఒళ్ళు నేలకు ఆనించి, రెప్ప వేయకుండా చూస్తుంది. ఆ చూపుకే గొర్రె మళ్ళుతుంది. అదే చూపు మన వీధిలో గొడవ తెస్తుంది. వీధికుక్క కళ్ళలోకి అలా సూటిగా చూడడమంటే కయ్యానికి కాలు దువ్వడమే.

మా బంధువుల కోలీ మనుషులకు చాలా మంచిది. కానీ సెల్లార్‌లో సైకిల్ తొక్కుతున్న పిల్లాడి వెంటపడి మడమ దగ్గర నోరు పెట్టింది. కోపంతో కాదు, మంద మళ్ళించినట్టు మళ్ళించబోయింది. ఆ మాట పిల్లాడి తల్లికి ఎలా చెప్తాం? దాని టెన్షన్ మనిషి మీద కన్నా కదలిక మీద, చప్పుడు మీద. బందరు రోడ్డు పక్కన ఆ రెండింటికీ కొదవుండదు.

షెపర్డ్ అనుమానం మనిషి మీదే. గ్యాస్ అబ్బాయి మెట్ల మీద నుంచే “కుక్కను కట్టేశారా మేడం?” అని కేకేస్తాడు. మాది లేచి నిలబడుతుంది, వీపు మీద వెంట్రుక నిక్కుతుంది, చెవులు ముందుకొస్తాయి. ఆ తర్వాత నా మొహం చూస్తుంది. నేను మామూలుగా మాట్లాడుతుంటే మెల్లగా కూర్చుంటుంది. వెళ్ళి అతని చేయి నాకదు, నాకాలని నేనూ కోరుకోను. అనుమానం రావడం తప్పు కాదు, వచ్చాక దిగిపోవాలి. నేను షెపర్డ్ వైపు మొగ్గింది దీనికే.

అయితే ఇది దానంతటదే రాదు. కుక్కపిల్లకు 3 నుంచి 14 వారాల వయసులో చూసినవే లోకం. అప్పటికి టీకాలు పూర్తికావు, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ భయంతో గదిలో పెట్టేస్తే అది పెద్దయ్యాక అందరి మీదికీ వెళ్తుంది. నేను కింద దించకుండా చంకనెత్తుకుని రైతుబజారు దాకా, కాలువ గట్టు దాకా తిప్పాను. గొడుగులు, తోపుడుబళ్ళు, ఆటోలు అన్నీ చూసింది. అంత ఓపిక లేకపోతే షెపర్డ్ వద్దు. పాడైన కోలీ కన్నా పాడైన షెపర్డ్ ప్రమాదం.

మందను కాసే మరో రెండు జాతుల గురించీ అడుగుతుంటారు. బెల్జియం జాతి మాలినోయిస్ పోలీసులకు, సైన్యానికి సరిపోయే కుక్క, ఇంట్లోకి వద్దు. షెల్టీ (షెట్లండ్ షీప్‌డాగ్) చిన్నది, కొత్తవాళ్ళను చూస్తే వెనక్కి తగ్గి మొరుగుతుంది. గోల భరించగలిగితే పర్వాలేదు.

కొనేముందు పిల్ల తల్లిని తప్పక చూడండి. ఆవు చేను మేస్తే దూడ గట్టున మేస్తుందా? నేను గుంటూరు వెళ్ళినప్పుడు మా కుక్కను కన్న తల్లి మొదట నన్ను చూసి గుర్రుమంది, పది నిమిషాలకు వచ్చి నా చెప్పులు వాసన చూసి పక్కనే పడుకుంది. అది చూశాకే అడ్వాన్స్ ఇచ్చాను. పిల్లకు ఇప్పుడు పదహారు నెలలు. మనుషులతో బాగానే ఉంది కానీ పక్క ఫ్లాట్ ఆడకుక్కతో ఇంకా పొసగడం లేదు. పొద్దున్నే రోడ్డుకు అటువైపు అది, ఇటువైపు మేము నడుస్తున్నాం.