ఎగ్జిమాకు పత్యాలు, చిట్కాలు: కొన్నేళ్లు వాడి చూశాక మిగిలినవి

నాది చిన్నప్పటి నుంచీ ఉన్న ఎగ్జిమా. మోచేతి మడతలు, మోకాళ్ల వెనక, మెడ, ముదిరితే కనురెప్పలు. డాక్టర్లు రాసే పేరు అటోపిక్ డెర్మటైటిస్. తిండి మార్చుకుని, సహజమైనవి పూసుకుని దీన్ని ఎంతవరకు అదుపులో పెట్టుకోవచ్చో కొన్నేళ్లుగా చూస్తున్నాను. ముందే చెప్పేస్తాను: నాకు పనికొచ్చినవి దాదాపు అన్నీ చర్మానికి పైన చేసినవే. నోరు కట్టుకుని సంపాదించింది చాలా తక్కువ.

ఓట్స్ స్నానంతో మొదలుపెడతాను, ఇన్నేళ్లలో విసుగు పుట్టని చిట్కా అదే కాబట్టి. తీపి, ఫ్లేవర్ కలపని మామూలు ఓట్స్ చాలు. మిక్సీలో పిండిలా మెత్తగా పట్టాలి. సరిపోయిందో లేదో తెలియాలంటే ఒక చెంచా పొడిని గ్లాసు నీళ్లలో వేసి కలపండి. నీళ్లు పాలలా తెల్లబడి అలాగే నిలిస్తే చాలు. పొడి అడుగుకు దిగిపోతే మళ్లీ పట్టాల్సిందే. టబ్బు ఉంటే గోరువెచ్చని నీళ్లలో ఇది కలిపి పది నిమిషాలు కూర్చోవచ్చు. లేదంటే పల్చటి నూలు గుడ్డను ఆ నీళ్లలో ముంచి దురద ఉన్నచోట పరుచుకోవచ్చు. ఒళ్లు జిగటగా అవుతుంది, నేల అంతకంటే ఎక్కువ జారుతుంది, చూసుకుని లేవండి.

ఓట్స్‌లో ఉండే అవెనాంత్రమైడ్లు అనే పదార్థాలకు దురదను, వాపును తగ్గించే గుణం ఉంది. ఈ మెత్తటి ఓట్స్ పొడిని చర్మ రక్షణకు పనికొచ్చే పదార్థంగా అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2003లో ఒప్పుకుంది. నా అనుభవంలో దీని పని కొన్ని గంటలే. ఎగ్జిమా మచ్చ అలాగే ఉంటుంది, దురద మాత్రం పడుకుంటుంది. రాత్రిపూట అది చాలా పెద్ద సాయం. నిద్రలో గోక్కుని పొద్దున దుప్పటి మీద రక్తపు చుక్కలు చూసుకున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఓట్స్ కూడా పడనివాళ్లు ఉంటారు కాబట్టి ముందు ముంజేతి మీద కొంచెం పూసి ఒకటి రెండు రోజులు చూడండి.

స్నానం ఎంత బాగా చేసినా, ఆ తర్వాతి మూడు నిమిషాలే అసలు కథ. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఇంకా తడి ఉండగానే మాయిశ్చరైజర్ పట్టించాలి. ఎగ్జిమా ఉన్న మన చర్మానికి తేమను నిలుపుకునే శక్తి తక్కువ. చర్మం పై పొరను గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపాలున్నవాళ్లకు ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని 2006లో బయటపడింది. పై పొరకు సందులుంటే లోపలి తేమ బయటికి పోతుంది, బయట చిరాకు పుట్టించేవి లోపలికి వస్తాయి. దానికి తోడు మామూలు సబ్బు. చర్మం పీహెచ్ (పులుపు, క్షార గుణాల కొలత) 5 చుట్టుపక్కల ఉంటే, సబ్బుది 9, 10 దాకా ఉంటుంది. సబ్బు మానేసి సువాసన లేని క్లెన్సర్‌కు మారడం వల్ల నాకు జరిగిన మేలు ఏ పత్యం వల్లా జరగలేదు. ఇంకో మాట, చాలామంది మాయిశ్చరైజర్‌ను బొట్టు పెట్టుకున్నట్టు పూస్తారు. ఒళ్లంతా ఎగ్జిమా ఉన్నవాళ్లకు వారానికి 250 నుంచి 500 గ్రాములు పట్టడం మామూలే.

నూనెల్లో నాకు కొబ్బరినూనె పడింది. శుద్ధి చేయని వర్జిన్ రకమే, అదీ పుళ్లు లేని చోట. ఎగ్జిమా చర్మం మీద స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. 2008లో పెద్దవాళ్ల మీద చేసిన ఒక చిన్న పరీక్షలో ఆలివ్ నూనె కంటే కొబ్బరినూనె దీన్ని ఎక్కువ తగ్గించింది. ఆలివ్ నూనె సంగతి ఇంకా అన్యాయం. 2013లో చేసిన అధ్యయనంలో అది చర్మం పై పొరను దెబ్బతీసి, కొంచెం ఎర్రబడేలా చేసింది. పొద్దుతిరుగుడు నూనెకు ఆ దోషం కనిపించలేదు. పేరు గొప్పగా ఉందని పూసుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

యాపిల్ సిడార్ వెనిగర్ కలిపిన నీళ్లు: మంట తప్ప ఇంకేం లేదు. 2019లో దీన్ని పరీక్షిస్తే పై పొర బాగుపడలేదు సరికదా, ఎక్కువమందికి చర్మం చిరాకు పడింది. టీ ట్రీ ఆయిల్ నాకు ఎర్రటి దద్దుర్లు తెచ్చింది. ఇలాంటి ఘాటు నూనెలు అలర్జీ పుట్టించడం మామూలే. నిమ్మరసం పూసి ఎండలోకి వెళితే చర్మం కాలినట్టు బొబ్బలు రావచ్చు, దాని జోలికే పోవద్దు.

ఇక పత్యం. పాలు, గుడ్లు, గోధుమలు, చక్కెర, అన్నీ వంతులవారీగా మానేసి చూశాను. మొదలుపెట్టిన ప్రతిసారీ తగ్గినట్టే అనిపించేది. కానీ మనం పత్యం పట్టేది ఎప్పుడు? ఒళ్లంతా మండిపోతున్నప్పుడు. ఎగ్జిమా పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బు, ముదిరిన తర్వాత ఎలాగూ ఓ మెట్టు దిగుతుంది. ఆ దిగడం పత్యం ఖాతాలో పడిపోతుంది. కాబట్టి మానేయడం సగం పరీక్షే. ఒక్క పదార్థాన్నే నాలుగైదు వారాలు మానేసి, మిగతావన్నీ అలాగే ఉంచి, మళ్లీ తినడం మొదలుపెట్టినప్పుడు పెరుగుతుందా అనేది చూడాలి. నేనలా చూస్తే పాలు, గోధుమలు, చక్కెర ఏ పాపం ఎరగనివే అని తేలింది. గుడ్ల దగ్గర మాత్రం అనుమానం తీరలేదు. ఒకసారి పెరిగింది, ఇంకోసారి ఏమీ కాలేదు. కచ్చితంగా తేలింది ఒక్కటే: వేడివేడిగా, కారంగా తిని చెమట పడితే మెడ దగ్గర దురద గ్యారంటీ. అది అలర్జీ ఏమీ కాదు, చెమట పని.

రక్తపరీక్షలో ఫలానాది పాజిటివ్ అని రాగానే జీవితాంతం మానేసేవాళ్లను చూశాను. ఆ పరీక్షలో చూసే ఐజీఈ (అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ) పాజిటివ్ అంటే ఒంటికి ఆ పదార్థంతో పరిచయం ఉందని మాత్రమే, ఎగ్జిమాకు అదే కారణమని కాదు. పిల్లల విషయంలో సొంతంగా పత్యాలు అసలు పెట్టొద్దు. ఎదుగుదల దెబ్బతింటుంది. పైగా చాలాకాలం మానేసిన పదార్థం మళ్లీ పెట్టినప్పుడు అంతకుముందు లేని తీవ్రమైన అలర్జీ రావచ్చు. ఏదైనా తిన్న వెంటనే పెదాలు వాచడం, ఆయాసం లాంటివి వచ్చినవాళ్లు దాన్ని ఇంట్లో పరీక్షించుకోకూడదు, పెద్దవాళ్లైనా సరే. ప్రోబయోటిక్స్ (మేలు చేసే బ్యాక్టీరియా), ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ అనే మొక్క గింజల నూనె మాత్రలు రెండూ వాడాను, తేడా లేదు. వైద్య పరీక్షలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షలు కూడా వీటి గురించి దాదాపు అదే చెప్పాయి.

ఒక మూలికల క్రీము గురించి చెప్పకుండా ఉండలేను. డబ్బా మీద నూటికి నూరు పాళ్లు సహజం అని ఉంది, లోపల ఏముందో మాత్రం రాయలేదు. రెండు రాత్రుల్లో మచ్చలు మాయం! అంత త్వరగా తగ్గేసరికి టెన్షన్ పట్టుకుని పక్కన పెట్టేశాను. 1999లో బ్రిటన్‌లో ఎగ్జిమాకు వాడుతున్న 11 మూలికల క్రీములను పరీక్షిస్తే ఎనిమిదింటిలో డెక్సామెథాసోన్ దొరికింది. అది గట్టి స్టెరాయిడ్. కనురెప్పల మీద తెలియకుండా అది నెలల తరబడి పూసుకోవడం కంటే, డాక్టరు చూసి రాసిన తక్కువ శక్తి గల స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ కొన్నాళ్లు వాడటం ఎంతో నయం. నేనూ ముదిరినప్పుడు అదే వాడతాను. వేలి కొస నుంచి మొదటి గీత వరకు పిండిన ఆయింట్‌మెంట్ వేళ్లతో కలిపి రెండు అరచేతులంత జాగాకు సరిపోతుంది. ఓట్స్, నూనె, మాయిశ్చరైజర్ ఇవన్నీ మధ్యలో వచ్చే మామూలు రోజుల కోసం.

రసి కారి పసుపు పచ్చటి పెచ్చు కట్టినా, నొప్పితో చిన్న చిన్న గుంటల్లాంటి పుళ్లు గుంపుగా లేచినా, జ్వరం తగిలినా చిట్కాలన్నీ ఆపి అదే రోజు డాక్టరును కలవండి. హెర్పిస్ వైరస్ సోకితే కూడా ఇలాగే ఉంటుంది, దానికి చికిత్స ఆలస్యం చేయకూడదు.

ప్రస్తుతం ఉప్పు మీద పడ్డాను. బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా పెద్దవాళ్ల వివరాలతో 2024లో వచ్చిన అధ్యయనంలో, రోజు మొత్తం మూత్రంలో పోయే సోడియం (ఉప్పులో ఉండేదే) ఒక గ్రాము పెరిగేకొద్దీ ఎగ్జిమా ఉండే అవకాశం 11 శాతం ఎక్కువగా కనిపించింది. ఉప్పే కారణమని దాంతో తేలిపోదు. అయినా ఉప్పు తగ్గిస్తే బీపీకి ఎలాగూ మంచిదే, పాలు మానేసినట్టు పోషకాలు పోయేదీ లేదు. ఇప్పటివరకైతే చర్మంలో మార్పేమీ కనిపించలేదు. తిండి మాత్రం చప్పగా ఉంది.