రామప్పకు వెళ్తే చెరువు కట్ట దాకా వెళ్లండి

మార్చి మొదటి వారంలో, ఎండలు ముదరకముందే, అమ్మను తీసుకుని జగిత్యాల నుంచి వరంగల్ వెళ్లి మూడు రోజులు ఉండి వచ్చాను. అమ్మకు డెబ్బై ఏళ్లు, మోకాళ్ల నొప్పి. ఎక్కడ ఎన్ని మెట్లున్నాయో, ఎక్కడ కూర్చోవచ్చో ముందే చూసుకుని కదలవలసి వచ్చింది. ఆ నిదానమే మాకు మేలు చేసింది. కాకతీయులు ఊరు వెలసినచోట గుడి, గుడి ఉన్నచోట చెరువు కట్టించారని బడిలో చదువుకున్నదే. అయినా ఇన్నేళ్లూ నేను గుళ్లు మాత్రమే చూసి తిరిగి వచ్చేవాణ్ణి.

మొదటి రాత్రి హనుమకొండ బస్టాండుకు దగ్గరలో ఒక లాడ్జిలో దిగాం. లిఫ్టు ఉందని ఫోనులో చెప్పారు. వెళ్లాక అది పనిచేయడం లేదన్నారు, కింద గదులు నిండిపోయాయన్నారు. అమ్మ గోడ పట్టుకుని మూడంతస్తులు ఎక్కింది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మర్నాడే భద్రకాళి గుడి వైపు ఒక సందులో ఇంటి కింది భాగాన్ని అద్దెకిచ్చేవారి దగ్గరికి మారిపోయాం. ఏసీ లేదు, టీవీ లేదు. కానీ పొద్దున్నే ఆ ఇంటావిడ అడగకుండానే అమ్మకు వేడినీళ్లు తెచ్చిపెట్టింది. తెల్లవారుజామున చెరువు కట్ట మీదికి నడిచి వెళ్లగలిగాం. పెద్దవాళ్లతో వెళ్లేవారు గది ఖాయం చేసుకునే ముందు లిఫ్టు ఉందా అని కాదు, ఈ రోజు నడుస్తోందా అని అడగండి.

వేయిస్తంభాల గుడికి సాయంత్రాలు వెళ్లవద్దు, జనంలో ఏమీ కనబడదు. పొద్దున ఏడింటికి వెళ్తే నల్లరాతి నంది దగ్గర నిశ్శబ్దంగా నిలబడవచ్చు. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం ఇది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ చోటిచ్చాడు. 2006లో రాయి రాయి విప్పిన కల్యాణమండపం 2024లో మళ్లీ నిలబడింది. ఆ స్తంభాలను తాకి చూసినప్పుడు, అన్నేళ్లు ఓపిక పట్టి కూర్చిన శిల్పుల మీద గౌరవం కలిగింది.

వరంగల్ కోటలో నాలుగు తోరణాల మధ్య విరిగిన శిల్పాల నడుమ ఒక గంట గడిపాం. రాష్ట్ర చిహ్నంలో కనిపించే తోరణం ఇదేనని అమ్మకు చూపించాను. చాలామంది ఇక్కడితో వెనుదిరుగుతారు. దగ్గరలోనే ఖుష్ మహల్ అనే పాత దర్బారు భవనం ఉంది, అదీ చూడండి. కోట గోడల లోపల ఇప్పటికీ ఊరు ఉంది, ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. ఆటో మాట్లాడుకుని మట్టికోట దాకా ఒక చుట్టు తిరిగితే రాజధాని ఎంత పెద్దదో అర్థమవుతుంది.

రామప్పకు కారు మాట్లాడబోతే డ్రైవరు ఒకే రోజులో రామప్ప, లక్నవరం, మేడారం, బొగత జలపాతం అన్నీ చూపిస్తానన్నాడు. "రామప్పకు ముప్పావు గంట చాలు సార్" అన్నాడు. వద్దని ఇంకొకరిని చూసుకున్నాం. కారు లేనివారు హనుమకొండ నుంచి ములుగు వైపు బస్సులో వెళ్లి, జంగాలపల్లి అడ్డరోడ్డు దగ్గర దిగి ఆటోలో రామప్ప గుడి ఉన్న పాలంపేట చేరవచ్చు. మేడారం జాతర రోజుల్లో మాత్రం ఈ దారిలో కదలడం కష్టం. రెండేళ్లకొకసారి వచ్చే ఆ జాతర తేదీలు చూసుకుని బయలుదేరండి.

ఆలయంలోకి చెప్పులు లేకుండా వెళ్లాలి. పదకొండు దాటితే రాతి బండలు కాళ్లు కాలుస్తాయి. మేము ఎనిమిదిన్నరకే చేరాం, అమ్మ మేజోళ్లు వేసుకుంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని అక్కడి శాసనం చెబుతుంది. గుడికి పేరు మాత్రం శిల్పి రామప్పదని అంటారు. నల్లరాతి మదనికల (స్త్రీ మూర్తుల) కింద మెడ నొప్పి పుట్టేదాకా నిలబడ్డాను. ఒకామె కాలికి ఎత్తు మడమ చెప్పులు, ఒకామె ఒంటిని చుట్టుకున్న పాము, ప్రతి మెడలోనూ వేరు వేరు హారాలు. శిఖరం నీటిలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టారు, పునాది కింద ఇసుక నింపారు. లోపల నేల అలలా ఎగుడుదిగుడుగా ఉంది, కొన్ని దూలాలు పగిలాయి, అయినా గుడి నిలబడే ఉంది. 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక పచ్చిక, దారులు బాగుపడ్డాయి. తినడానికి మాత్రం మంచి చోటు మాకు దొరకలేదు. అమ్మ కట్టుకొచ్చిన సర్వపిండి, చల్ల మమ్మల్ని కాపాడాయి.

చెరువు అక్కడికి దగ్గరే. అయినా మాతోపాటు గుడి చూసినవాళ్లలో ఒక్క బండి కూడా అటు తిరగలేదు. కట్ట ఎక్కగానే చల్లగాలి, కొండల మధ్య దూరం దాకా నీళ్లు. గుడి కట్టిన కాలపు చెరువు ఈనాటికీ కింది పొలాలకు నీరిస్తోంది. తూము దగ్గర పచ్చని వరిని చూసి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

తిరుగుదారిలో తాటిచెట్ల దగ్గర కారు ఆపాం. మోకు నడుముకు బిగించి ఒక పెద్దాయన అప్పుడే లొట్టితో దిగుతున్నాడు. "తాటికమ్మ కింద కూర్చో అక్కా, నీడగా ఉంది" అని అమ్మకు చోటు చూపించాడు. తాటాకు రేకలో పోసిన పొద్దుటి కల్లు తియ్యగా, కొంచెం నురగతో ఉంది. సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుందని చెప్పాడు. 1708లో ఓరుగల్లు మీద దాడి చేసిన సర్వాయి పాపన్న తమ గౌడ కులంవాడేనని చెబుతుంటే ఆయన ముఖం వెలిగింది. కల్లు రుచి చూడాలనుకుంటే ఇలా చెట్టు కిందే, దిగిన వెంటనే తాగండి. మత్తు మందులు కలిపి పట్టణాల్లో అమ్మేదాని జోలికి పోవద్దు, అది ప్రాణాల మీదికి తెస్తుంది.

లక్నవరం చెరువు మూడో రోజు చూశాం. వేలాడే వంతెన ఊగుతుంటే అమ్మ సగంలోనే వెనక్కి వచ్చింది. ఆదివారం కావడంతో పాటల హోరు. వారం మధ్యలో వెళ్లి ఉంటే బాగుండేది. వచ్చేటప్పుడు కొత్తవాడలో ఒక నేత ఇంట్లో మగ్గం మీద దరీ (జంపఖానా) నేయడం చూసి, ఎరుపు నీలం గళ్లది ఒకటి కొన్నాం.

పాఖాల చెరువు మిగిలిపోయింది. వానలు పడ్డాక, మత్తడి దూకే రోజుల్లో వెళ్దామని అమ్మ అంది.