రాజపార్వై ముందా, అమావాస్య చంద్రుడు ముందా?

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1981లో తమిళంలో వచ్చిన ‘రాజపార్వై’యే తెలుగులో ‘అమావాస్య చంద్రుడు’. కమల్ హాసన్‌కి నూరో సినిమా, నిర్మాతగా మొదటిది. రికార్డింగుల్లో వయొలిన్ వాయించి బతికే అంధుడిగా కమల్, నాన్సీ అనే క్రైస్తవ అమ్మాయిగా మాధవి, వాళ్ల పక్షాన నిలబడే తాతగా ఎల్.వి.ప్రసాద్. మన ‘మిస్సమ్మ’ తీసిన ఆయనే. కథ రెండింట్లోనూ ఇదే. మరి ఏది ముందు చూడాలి?

తమిళం రాకపోతే తెలుగుదే ముందు చూడండి. సబ్‌టైటిల్స్ చదువుతుంటే కళ్లు తెర అడుగుకి పోతాయి. ఈ సినిమాలో చూడాల్సింది కమల్ ముఖం. చూపు ఎవరి మీదా నిలపకుండా, మాట వచ్చే దిక్కుకి మనసు పెట్టే ఆ నటన ఒక్క క్షణం తప్పినా లోటే. తమిళం అర్థమయ్యేవాళ్లకి ఈ ఇబ్బంది లేదు, నేరుగా ‘రాజపార్వై’కి వెళ్లొచ్చు.

పాటల దగ్గర మాత్రం నా తీర్పు ఇంత తేలిగ్గా తేలదు. వైరముత్తు రాసిన ‘అంది మళై’, వేటూరి ‘సుందరమో సుమధురమో’ రెండింటికీ ఇళయరాజా బాణీ ఒకటే, గొంతులు బాలు, జానకివే. వేటూరి పాట బాణీకి మాటలు అతికించినట్టుండదు, తెలుగులోనే పుట్టిన పాటలా నిలబడుతుంది. అయితే శాస్త్రీయ సంగీతం అలవాటున్న చెవికి తమిళ పాటలో కర్ణాటక సంగీత విద్వాంసుడు టి.వి.గోపాలకృష్ణన్ గొంతు అదనపు ఆకర్షణ. ఆ ఒక్కదాని కోసమైనా తమిళ పాట వినాలి.

ఈ పాట నేర్చుకునేవాళ్లు ఏ భాష పాట పట్టుకున్నా సరే, రాగం వసంత. ఆరోహణ (స్వరాలు పైకి వెళ్లే వరస) స గ మ ద ని స, అవరోహణ (కిందికి దిగే వరస) స ని ద మ గ రి స. పంచమం (ప) లేదు. మిగతా స్వరాలు ఈ రకాలవి: శుద్ధ రిషభం (రి), అంతర గాంధారం (గ), శుద్ధ మధ్యమం (మ), చతుశ్రుతి ధైవతం (ద), కాకలి నిషాదం (ని). కీబోర్డు మీద ఎక్కువగా తప్పేది ధైవతం దగ్గర. అర మెట్టు కిందికి జారి శుద్ధ ధైవతం పడితే అది లలిత అనే వేరే రాగం అయిపోతుంది. చేతివాటంగా పంచమం తగిలినా రాగం చెడుతుంది. సినిమా పాట కాబట్టి రాగాన్ని గిరిగీసినట్టు పట్టుకోదు, అందుకే ముందు స్వరాలు విడిగా పలికించి తర్వాత పాట ఎత్తుకోవాలి.

వి.ఎస్.నరసింహన్ వాయించిన వయొలిన్ భాగానికి భాషతో పనే లేదు. ఏ సినిమాలో విన్నా ఒకటే, హెడ్‌ఫోన్స్‌తో వినండి.

ఈ సినిమాతో పోల్చాలనిపించే కె.విశ్వనాథ్ ‘సిరివెన్నెల’ (1986) సంగతి వేరు. అందులోనూ హీరో అంధుడే, వేణువు హరిప్రసాద్ చౌరాసియాది. అక్కడ సంగీతమే కథ. ఇక్కడ అది హీరో ఉద్యోగం, జీతం. ప్రేమకథ కావాలంటే కమల్‌ది, వేణువు కావాలంటే విశ్వనాథ్‌ది.