రాజోలు ఇంట్లో ఎస్‌ఎస్‌డీల పెట్టె: 20 వేల గంటలు వాడాక

మా స్టూడియో ఫొటోలు, వీడియోలన్నీ దాచుకుని నెట్‌వర్క్ మీద వాడుకునే పెట్టె ఇది. అందులో నాలుగు ఎస్‌ఎస్‌డీలు, అంటే హార్డ్ డిస్కులా తిరిగే భాగాల్లేకుండా చిప్‌ల మీదే డేటా దాచే డ్రైవులు. మొన్న ఆదివారం స్మార్ట్ రిపోర్టు (డ్రైవు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) తీస్తే మూడు డ్రైవులు 20 వేల గంటలు దాటేశాయి. నాలుగోది ఇంకా 18 వేల దగ్గరే ఉంది. ఆ రెండు వేల గంటల తేడా ఎందుకొచ్చిందో చెబితే ఈ సమీక్షలో సగం అయిపోయినట్టే.

మాది రాజోలు పక్కన పల్లె. ఇంటి ముందు గదే ఫొటో స్టూడియో. నాన్నగారి నెగెటివ్‌లన్నీ 1996 నవంబరు 6 తుపానులో ఇనప బీరువాలోనే తడిసి అట్టలు కట్టేశాయి. అప్పటి పెళ్లి ఫొటోల కోసం ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తుంటారు. లేవని చెప్పడం నాన్నగారికి నేటికీ కష్టమే. నా భయం మాత్రం 2022 జులైలో మొదలైంది. ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగిరిన రోజుల్లో, నాలుగు హార్డ్ డిస్కులున్న మా పాత పెట్టెను, డిస్కులు తిరుగుతుండగానే పీకి మేడ మీదకి మోసుకెళ్లాను. కంగారు. పైకెళ్లి ఆన్ చేస్తే ఒక డిస్కు గోడగడియారంలా టిక్ టిక్‌మంది. అంతే, ఇక లేవలేదు.

2023 దసరాకి కొత్తది కట్టాను. ఇంటెల్ ఎన్100 బోర్డు, 16 జీబీ ర్యామ్, 2 టెరాబైట్ల సాటా ఎస్‌ఎస్‌డీలు నాలుగు, డెబియన్ లైనక్స్, దాని మీద డిస్కులన్నిటినీ కలిపి నడిపే జెడ్‌ఎఫ్‌ఎస్. నాలుగింటిలో ఏదైనా ఒకటి పోయినా డేటా నిలిచేలా రెయిడ్-జెడ్1. నెట్‌వర్క్ 2.5 గిగాబిట్. పెట్టె సైజు ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. మొదటి రోజు నాన్నగారు చెవి ఆనించి విని, "ఏరా, అసలు పనిచేస్తోందా ఇది?" అన్నారు.

చిప్‌ల ధరలు బాగా పడిపోయిన సమయం అది. అయినా నాలుగో డ్రైవు దగ్గర కక్కుర్తి పడ్డాను. మూడు మంచి టీఎల్‌సీవి (చిప్‌లోని ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాచే రకం), నాలుగోది చవక క్యూఎల్‌సీ (నాలుగు బిట్ల రకం). డబ్బా మీద స్పీడు మాత్రం నాలుగింటికీ ఒకటే, సెకనుకు 550 ఎంబీ.

డిసెంబర్లో అమలాపురంలో ఓ పెళ్లి. తెల్లారుజాము ముహూర్తం. ఇంటికొచ్చి కార్డులన్నీ కలిపి 280 జీబీ కాపీ పెట్టాను. సెకనుకు 280 ఎంబీ మీద పరుగెడుతోంది. కాఫీ తాగి వచ్చేసరికి 130. స్నానం చేసి వచ్చేసరికి 90. పాలకొల్లు నుంచి ఎడిటింగ్ చేసే మా బావ ఫోన్. "ఏం బావా, ఫుటేజ్ ఎక్కిందా? పెళ్లికూతురి వాళ్లు అప్పుడే టీజర్ అడుగుతున్నారు." ముందు కేబుల్ అనుకున్నాను, తర్వాత స్విచ్ అనుకున్నాను. చివరికి డిస్కుల వారీగా లెక్క చూపించే కమాండ్ కొడితే, మూడు డ్రైవులు ఖాళీగా కూర్చున్నాయి, నాలుగోది ఒక్కటే రొప్పుతోంది. ఊడుపుల్లో ఒక మనిషి వెనకబడితే వరస మొత్తం ఆగుతుంది చూడండి, అలాగ.

దాని సంగతి ఇది. క్యూఎల్‌సీ అంటే ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు కుక్కి పెట్టడం. అది నిదానమైన పని. అందుకని కొంత భాగంలో సెల్‌కి ఒక్క బిట్టే గబగబా రాసి, తీరిక దొరికినప్పుడు సర్దుకుంటుంది. ధాన్యం ముందు అరుగు మీద పోసుకుని తర్వాత గాదెలోకి ఎత్తుకున్నట్టు. అరుగు ఖాళీగా ఉన్నంతసేపూ బళ్లు చకచకా దిగుతాయి. నిండిందా, ఎత్తిపోసిన కొద్దీ దించుకోవడమే. టీఎల్‌సీకీ ఈ అరుగు ఉంటుంది కానీ, నిండాక కూడా మరీ ఇంత ఈసురోమనదు. డబ్బా మీద 550 అని వేసేది అరుగు లెక్క. పత్రాలు, ఫోన్ ఫొటోలు దాచుకునే ఇంటికి ఈ తేడా ఎప్పటికీ తెలియదు, వాళ్లు క్యూఎల్‌సీ నిశ్చింతగా కొనుక్కోవచ్చు. ఒకే ఊపున వందల జీబీ దించేవాళ్లకి మాత్రం వద్దు. ఆ నెలాఖరుకే దాన్ని పీకి టీఎల్‌సీ పెట్టాను. రెండు వేల గంటల తేడా అదన్నమాట. తీసేసినది ఇప్పుడు నాన్నగారి కంప్యూటర్లో హాయిగా పనిచేస్తోంది.

ఇంకో డ్రైవుది వేరే రకం చేష్ట. అర్ధరాత్రి రెండింటికి మెయిల్ వస్తుంది: స్మార్ట్ రిపోర్టులో 197వ లెక్క 1 అయింది, చదవలేని సెక్టర్ ఒకటి ఉంది అని. లేచి చూస్తే సున్నా. నాలుగు రోజులాగి మళ్లీ అదే. మొదటి నెలంతా టెన్షనే. వారంటీకి పంపేద్దామని ప్యాక్ కూడా చేశాను. పంపేముందు, ఆ స్మార్ట్ లెక్కలు చదివే స్మార్ట్‌మోన్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ డేటాబేస్ తిరగేస్తే, ఆ మోడల్‌కి 197వ అంకె పేరునే 'బోగస్ కరెంట్ పెండింగ్ సెక్టర్' అని మార్చి పెట్టి ఉంది! సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఒక డ్రైవు మాటని అధికారికంగా బోగస్ అని రాసిపెట్టడం అప్పుడే చూశాను. డేటాబేస్ అప్‌డేట్ చేశాక మెయిళ్లు ఆగిపోయాయి. నాకు తెలిసిన సలహా ఒకటే, కొత్త డ్రైవు పెట్టగానే ఆ డేటాబేస్‌ని, డ్రైవు ఫర్మ్‌వేర్‌ని ముందు అప్‌డేట్ చేసుకోండి.

ట్రిమ్ దగ్గరా కాస్త తంటా పడ్డాను. చెరిపేసిన చోట్లు ఇవీ అని డ్రైవుకి చెప్పే పని అది. వారానికోసారి అది నడిచినప్పుడల్లా ఒక డ్రైవు కొన్ని సెకన్లు మూగపోయి, లాగ్ నిండా ఎర్రర్లు. ట్రిమ్ ఆదేశాన్ని మిగతా పనులతో కలిపి వరసలో పెడితే కొన్ని మోడళ్లు తడబడతాయి. లైనక్స్ కెర్నెల్లో అలాంటి మోడళ్ల జాబితానే ఉంది. నాది ఆ జాబితాకి తగల్లేదు. బూట్ లైన్‌లో ఆ వరస ట్రిమ్‌ని ఆపే ఆప్షన్ పెట్టాక మళ్లీ ఆ గొడవ లేదు.

స్మార్ట్ రిపోర్టులో 199వ అంకె (దారిలో డేటా చెడిన సార్ల లెక్క) పెరిగితే డ్రైవుని తిట్టకండి, కేబుల్ మార్చండి. మా ఉప్పుగాలికి ఒక సాటా కేబుల్ మొనలు మసకబారాయి. కేబుల్ మార్చినా పాత అంకె తగ్గదు, పెరగకపోతే చాలు.

కరెంటు సంగతికొస్తే, మొత్తం పెట్టె 16 నుంచి 18 వాట్లు. పాతది నలభై దాటేది. ఇన్వర్టర్ మీద రాత్రంతా నడుస్తుంది. కాకపోతే మొదట్లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో పెట్టె రీస్టార్ట్ అయ్యేది. ఇన్వర్టర్ వెనకాల మీట యూపీఎస్ మోడ్‌కి తిప్పాక ఆగింది. ఈ ధరల డ్రైవుల్లో హఠాత్తుగా కరెంటు పోతే కాసేపు నిలబెట్టే కెపాసిటర్లు ఉండవు కాబట్టి ఆ మీట చిన్న విషయం కాదు. డ్రైవులు మే నెలలో కూడా 48 డిగ్రీలు దాటలేదు. ఓఎస్ ఉన్న చిన్న ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (బోర్డుకే గుచ్చే రకం) ఒక్కటే 70 దాటి సలసలమంటే, నూట యాభై పెట్టి హీట్‌సింక్ అంటించాను.

అరుగుదల గురించి అందరూ అడుగుతారు. ఏడాదికి నలభై పెళ్లిళ్లు. ఇన్నాళ్లకీ ఒక్కో డ్రైవు మీద రాసింది 13 టెరాబైట్లు, కంపెనీ హామీ 700. ఈ లెక్కన అది అరిగేలోపు నా మోకాళ్లు అరుగుతాయి.

బ్యాకప్ మాత్రం హార్డ్ డిస్కుల మీదే. రాతల హామీ అంతా వాడేసిన మామూలు ఎస్‌ఎస్‌డీ, కరెంటు లేకుండా 30 డిగ్రీల్లో ఏడాది డేటా నిలిపితే చాలంటుంది చిప్‌ల పరిశ్రమ సంఘం జెడెక్ పెట్టిన ప్రమాణం. వేడి పెరిగితే ఆ గడువు ఇంకా తగ్గుతుంది. కొత్త డ్రైవుకి అంత భయం లేకపోయినా, మా వేసవిలో బీరువాలో పెట్టి మర్చిపోయే వస్తువు కాదు. అందుకే డెలివరీ అయిన పెళ్లిళ్లు యూఎస్‌బీ హార్డ్ డిస్కులు రెండింటి మీదకి వెళ్తాయి. ఒకటి ఇంట్లో, ఒకటి రాజమండ్రిలో అక్కావాళ్లింట్లో.

2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను తీరం దాటిన రాత్రి పెట్టెను షట్‌డౌన్ చేసి, వైర్లు ఊడదీసి, బియ్యం సంచిలో చుట్టి ఒక చేత్తో మేడెక్కించాను. రెండో చేతిలో టార్చి. కరెంటు వచ్చాక ఆన్ చేసి మొత్తం డేటా సరిచూసే స్క్రబ్ పెడితే గంటన్నరలో అయింది, తప్పులు సున్నా.

ఇప్పుడు మిగిలిన ఖాళీ 600 జీబీ. ఇంకో రెండు డ్రైవులు కొందామని చూస్తే ధరలు కొండెక్కి కూర్చున్నాయి. మూఢం వెళ్లిందంటే పెళ్లిళ్లు వరస కడతాయి. ఈలోగా బావ ఆ పాత టీజర్ల ఫోల్డర్లు ఖాళీ చేస్తానన్నాడు. అన్నాడంతే, ఇంకా చేయలేదు.