పిల్లల హోమ్ ప్రచారానికి పీఆర్ ఏజెన్సీని పెట్టుకున్నాం: ఐదుకు మూడు స్టార్లు

మా ట్రస్టుకు ఉప్పల్ వైపు ఒక ఆడపిల్లల హోమ్ ఉంది, అందులో లెక్కలు చూసే పని నాది. కోవిడ్ తర్వాత నెలనెలా డబ్బు వేసే దాతలు ఒక్కొక్కరే జారిపోతుంటే, కమిటీ మీటింగులో ఎవరో "అందరూ చేయించుకుంటున్నారు, మనమూ ఒక పీఆర్ కంపెనీని పెట్టుకుందాం" అన్నారు. అలా మాదాపూర్ వైపు ఆఫీసున్న ఒక ఏజెన్సీతో ఆరు నెలలకు ఒప్పందం చేసుకున్నాం. పేరు రాయను. ఆసుపత్రులు, విల్లా వెంచర్లు, ఇంటర్నేషనల్ అని బోర్డు పెట్టుకున్న స్కూళ్లు వీళ్ల మామూలు గిరాకీ. నెల ఫీజు మా వంటగది నెల ఖర్చుకు దగ్గరదగ్గరగా ఉంది, అదీ "ఎన్జీవో కాబట్టి డిస్కౌంట్ ఇచ్చాం మేడం" అన్నాక వచ్చిన అంకె. దాని మీద 18 శాతం జీఎస్టీ. కంపెనీలైతే ఆ జీఎస్టీని తమ పన్నులో సర్దుకుంటాయి, మాలాంటి ట్రస్టుకు అది పోయినట్టే. కాబట్టి కోట్ అడిగేటప్పుడే పన్నుతో కలిపి ఎంతో చెప్పమనండి.

బాగున్నది ముందు చెప్తాను. మొదటి నెల అంతా ప్లాన్ వేయడానికే తీసుకున్నారు, నాకైతే పెట్టిన డబ్బుకు విలువ కనిపించింది అక్కడే. మేం "విరాళాలు కావాలి" అంటే ఊరుకోలేదు. ఎవరి దగ్గర్నుంచి, ఒక్కసారి ఇచ్చేదా నెలనెలా ఇచ్చేదా, ఆ డబ్బు దేనికి అని కూర్చోబెట్టి అడిగారు. అప్పుడు తేలింది ఏంటంటే, మాకు బియ్యానికి కొరత లేదు, పాత బట్టలకు అసలే లేదు, పుట్టినరోజు కేకులైతే కొన్ని ఆదివారాలు పిల్లలు చూడగానే మొహం తిప్పుకునేన్ని వస్తాయి. రానిదల్లా ట్యూషన్ టీచర్ జీతం, పళ్ల డాక్టరు ఖర్చు, శానిటరీ ప్యాడ్లు, ఇంటర్ తర్వాత కోర్సు ఫీజులు, పద్దెనిమిది నిండి బయటికెళ్లే అమ్మాయికి మొదటి కొన్ని నెలల హాస్టల్ అద్దె. వీటికి ఎవరూ కేక్ కోయరు కదా. ఏజెన్సీ వాళ్లు దీన్నంతా ఒక పేజీలో, మామూలు తెలుగులో, నెలకు ఇంత అని పక్కన అంకెలు వేసి ఇచ్చారు. పుట్టినరోజుకు ఫోన్ చేసేవాళ్లకు ఇప్పుడు ఆ పేజీ వాట్సాప్‌లో పంపిస్తున్నాం. కేక్ తెస్తామన్న వాళ్లలో కొందరు ట్యూషన్ ఖర్చు తీసుకుంటామంటున్నారు. ఈ ఒక్క పని కోసం వాళ్లకు ఒక స్టార్ ఎక్కువ ఇస్తున్నాను.

ఇక ఫొటోల గొడవ. ప్లాన్‌లో పెద్ద భాగం "పిల్లల కథలు" అని ఉంది, ఒక్కో పాప ఎక్కడ దొరికింది, ఎలా వచ్చింది, ఇప్పుడెలా ఉంది, పక్కన మొహం కనిపించే ఫొటో, దానికో హ్యాష్‌ట్యాగ్. విల్లా వెంచర్‌కు హ్యాపీ ఫ్యామిలీ ఫొటో వేసినట్టు. బాలల న్యాయ చట్టం 2015లో సెక్షన్ 74 అని ఒకటుంది. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, చిరునామా, స్కూలు, ఇంకా గుర్తుపట్టడానికి వీలయ్యే ఏ వివరమైనా పత్రికలో గానీ ఆడియో వీడియోలో గానీ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. పాప మేలు కోసం తప్పనిసరి అనిపిస్తే జిల్లాలో ప్రభుత్వం వేసే బాలల సంక్షేమ కమిటీ కారణం రాసి అనుమతి ఇవ్వొచ్చు, అంతే తప్ప ట్రస్టు కమిటీ సంతకం, పాప "సరే" అనడం దీనికి సరిపోవు. ఈ మాట నేను చెప్పేదాకా వాళ్ల టీమ్‌లో ఒక్కరికీ తెలియదు. పిల్లల హోమ్ పని ఒప్పుకున్న ఏజెన్సీకి ఇది తెలియకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సరే, మొహాలు వద్దన్నాం. "అయితే వెనక నుంచి తీస్తాం మేడం, చాలా ఎమోషనల్‌గా వస్తుంది" అన్నాడు కెమెరా అబ్బాయి. దానికి మా వార్డెన్ అక్క ఇచ్చిన జవాబు ఇది: "ఎనకనుంచి తీసినా ఆ యూనిఫాం ఏ స్కూల్దో తెల్వదా సార్? బ్యాగు మీద పేరుంటది. ఆ పిల్లకు పెండ్లి జేస్తనని తిరుగుతున్న మేనమామ ఫోన్ల చూస్తే చాలు, రేపు గేటు కాడ నిలబడ్తడు." ఆ అబ్బాయి మంచివాడే, కెమెరా సంచిలో పెట్టేసుకున్నాడు. కానీ పై వాళ్లు వినలేదు. మర్నాడు "బ్లర్ చేస్తాం, పేరు మారుస్తాం" అని మెయిల్. ఊరి పేరు, వయసు, తండ్రి చేసిన పని, ఏ బస్టాండులో దొరికిందీ అన్నీ ఉంచి పేరొక్కటి మారిస్తే ఏం దాచినట్టు? చివరికి చేతులు, ముగ్గు, వంటగది, కుట్టుమిషన్, పుస్తకాల అర, వార్డెన్ అక్క, ట్యూషన్ టీచర్, వీటితోనే మొత్తం చేయించాం. నిజం చెప్పాలంటే అవే బాగా వచ్చాయి.

ఒక ఇన్‌ఫ్లుయెన్సర్‌ను తీసుకొచ్చి పిల్లలతో రీల్స్ చేయించే ఐటమ్ కూడా ప్లాన్‌లో ఉండేది. అది మొదట్లోనే కొట్టేశాం.

క్యాలెండర్ విషయంలో వాళ్లది పూర్తిగా కార్పొరేట్ బుర్ర. ప్రచారమంతా తీసుకెళ్లి నవంబర్ 14న పెట్టారు. ఆ రోజు నగరంలో ఉన్న ప్రతి హోమూ, ప్రతి స్కూలూ, ప్రతి కార్పొరేటరూ అదే రిపోర్టర్లకు ఫోన్ చేస్తారు, సిటీ పేజీలో మనకు మిగిలేది నాలుగు లైన్లు. మేం పట్టుబట్టి మార్పించాం. జూన్‌లో స్కూళ్లు తెరిచే ముందు ఫీజులు, పుస్తకాల కోసం ఒకటి, గాంధీ జయంతి నుంచి అక్టోబర్ 8 దాకా దాన్ ఉత్సవ్ అని దానాల వారం జరుగుతుంది కదా, ఆ వారంలో ఐటీ కంపెనీల ఉద్యోగుల కోసం ఒకటి. కంపెనీలు చట్టం ప్రకారం సమాజ సేవకు పెట్టాల్సిన డబ్బు, అంటే సీఎస్ఆర్‌కు మాత్రం ప్రెస్ మీట్లతో పనే లేదు. అప్పులు పోను నికర ఆస్తి 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. ఆ డబ్బు ఎవరికివ్వాలో ఏడాది మొదట్లోనే చాలావరకు మాట్లాడేసుకుంటారు, మార్చి దగ్గర పడ్డాక మిగిలింది ఏమైనా ఉంటే కదులుతుంది. దానికి కావాల్సింది సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ నంబరు, ఆడిట్ రిపోర్టులు, హోమ్ రిజిస్ట్రేషన్ కాగితం. ఇవన్నీ ఒక ఫైలుగా కట్టి ఇవ్వమంటే ఏజెన్సీ వాళ్లు "అది మా స్కోప్‌లో లేదు" అన్నారు. ఒప్పందంలో చూస్తే నిజంగానే లేదు. అది నేనే చేసుకున్నా.

లెక్కల మనిషిని కాబట్టి ఇంకో మాట. వాళ్లు వేసిన మొదటి పోస్టర్లో అన్నిటికంటే పెద్ద అక్షరాలు "పన్ను ఆదా చేసుకోండి". విరాళాలకు వచ్చే 80జీ పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. 2023-24 నుంచి కొత్త విధానమే డిఫాల్ట్, గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే కుర్రాళ్లలో ఎంతమంది పాతదాంట్లో ఉన్నారో మీరే కనుక్కోండి. పైగా 2,000 దాటి నగదుగా ఇస్తే మినహాయింపే రాదు, పోస్టర్లో ఆ ముక్క ఎక్కడా లేదు. తీసేసి, ట్రస్టు పేరు మీదున్న కరెంట్ అకౌంట్ క్యూఆర్ కోడ్, కింద చిన్న అక్షరాల్లో "రసీదు కోసం పాన్ పంపండి" అని పెట్టాం.

ఇంకో పోస్టర్లో "ఆదరణ లేని పిల్లలు కనిపిస్తే మా హోమ్‌కు ఫోన్ చేయండి" అని రాశారు. చదివేవాళ్లకు మంచి మాటే అనిపిస్తుంది. కానీ పిల్లల్ని నేరుగా మేం చేర్చుకోవడానికి లేదు, ఎవరికి దొరికినా 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి, ఏ హోమ్‌కు పంపాలో కమిటీ చెబుతుంది. అక్కడ మా నంబర్ తీయించి పిల్లల హెల్ప్‌లైన్ 1098 వేయించాం.

పేపర్ల విషయంలో వీళ్ల పని మాత్రం ఒప్పుకోవాలి. తెలుగు పత్రికల సిటీ డెస్కుల్లో ఎవరితో మాట్లాడాలో, ఏ టైముకు ప్రెస్ నోట్ చేరాలో వీళ్లకు బాగా తెలుసు. మొదటి నోట్ ఇంగ్లిషులో రాసి దాన్ని తెలుగు చేశారు, "కలలకు రెక్కలు", "చిరునవ్వుల వెలుగులు" లాంటి అరిగిపోయిన మాటలే. వాళ్ల టీమ్‌లోనే ఒక వరంగల్ అమ్మాయి కూర్చుని మళ్లీ రాసింది. వార్డెన్ అక్క రోజు తెల్లవారుజామున ఎలా మొదలవుతుందో రాసింది, అంతే. అదే ఒక పేపర్లో మంచి సైజులో వచ్చింది. తర్వాత ఒక ఎఫ్ఎం రేడియోలో ఆర్జే మా వార్డెన్ అక్కతో ఫోన్‌లో మాట్లాడాడు, పిల్లల గొంతు వినిపించకుండా. పేపర్ కంటే రేడియోకే ఎక్కువ ఫోన్లు వచ్చాయి, క్యాబ్ డ్రైవర్లు కూడా చేశారు.

ఆ ఫోన్ల గురించే అసలు కంప్లయింట్. వార్త వచ్చిన రోజు సగం కాల్స్ "మాకు పిల్లల్లేరు, ఒక పాపను ఇస్తారా" అని. హోముల్లో ఉన్న పిల్లల దత్తత ఏదైనా కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ కారా నడిపే పోర్టల్‌లో పేరు నమోదు చేసుకునే జరగాలి, హోమ్ నుంచి నేరుగా ఇవ్వడం నేరం. పైగా మా దగ్గరున్న చాలామందికి అమ్మో నాన్నో ఎవరో ఒకరు ఉన్నారు. ఈ కాల్స్ వస్తాయని ఏజెన్సీ ఊహించి ఉండాల్సింది, ఫోన్ ఎత్తేవాళ్ల చేతిలో ముందే ఒక కాగితం ఉండాల్సింది. ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లతో ఏం మాట్లాడాలో తెలియక మా ఆఫీసు అమ్మాయి ఆ సాయంత్రానికి డీలా పడిపోయింది. అడిగితే "నెక్స్ట్ మంత్ ఇస్తాం మేడం" అన్నారు. మేమే రాసుకున్నాం.

నెలాఖరు రిపోర్టు చూస్తే నవ్వొచ్చింది. మా గురించి వచ్చిన వార్త ఎన్ని సెంటీమీటర్లో కొలిచి, అంత జాగాలో ప్రకటన వేస్తే ఎంతవుతుందో లెక్కగట్టి, "మీకు ఇన్ని లక్షల విలువ తెచ్చాం" అని కలర్ గ్రాఫ్. ఈ పద్ధతి పనికిరాదని 2010లోనే బార్సిలోనా సూత్రాల పేరుతో పీఆర్ రంగం వాళ్లే ప్రకటించుకున్నారు. కొత్తగా నెలనెలా ఇచ్చేవాళ్లు ఎంతమంది, పాతవాళ్లలో ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టినవాళ్లు ఎంతమంది, ఈ రెండూ పెట్టండి చాలని చెప్పాం. తర్వాతి రిపోర్టు ఒక్క పేజీకి దిగింది, గ్రాఫ్ మాయం. కొత్త దాతలు పెరిగారు, కానీ ఫీజు మొత్తాన్ని వెనక్కి తెచ్చేంత కాదు. ఇంకో ఏడాది వాళ్లు నిలబడితే అప్పుడు చూడాలి.

మీదీ చిన్న హోమే అయితే ఆరు నెలల ఒప్పందం వద్దు. ప్లాన్ వేయడానికి ఒక నెల, తర్వాత ప్రెస్ నోట్‌కు ఇంత అని విడిగా మాట్లాడుకోండి, ఒప్పుకుంటారు. మీ దగ్గర తెలుగు బాగా రాసే వాలంటీర్ ఉంటే రెండోది కూడా అక్కర్లేదు. ఏది బయటికి వెళ్లాలన్నా మీ తరఫున ఒక్కరి సంతకం ఉండాలని, ఫొటోలు, వీడియోలు అన్నీ ట్రస్టువేనని ఒప్పందంలో ముందే రాయించుకోండి. మా ఒప్పందం ముగిశాక కూడా వాళ్ల గూగుల్ డ్రైవ్‌లో మొదటి రోజు తీసిన ఫొటోలు, మొహాలు కనిపించేవి, లింకు ఉన్నవాళ్లెవరికైనా తెరుచుకుంటూనే ఉన్నాయి. డిలీట్ చేశామని లెటర్‌హెడ్ మీద రాసిచ్చి, మా ముందు లింకు తెరిచి ఏమీ లేదని చూపించాకే చివరి బిల్లు కట్టాం.