సెయింట్ ఆండ్రూస్: గదికి దండగ, గుంటలకు దణ్ణం

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో, గోల్ఫ్ కోర్సు కనిపించే గది అని చెప్పి హోటల్‌వాళ్లు రాత్రికి 40 పౌండ్లు అదనంగా పట్టారు. మొత్తం 185. తీరా కర్టెన్ తీస్తే కార్ల పార్కింగు. కిటికీలోంచి తల బయటపెట్టి ఎడమకి తిప్పితే ఓ చారెడు పచ్చదనం. అడిగితే "అదేనండీ వ్యూ" అన్నాడు హోటల్ అతను, నవ్వకుండా. ఆడే అవకాశం కోసం తీసే లాటరీలో (బ్యాలట్) మా పేర్లు రాలేదని అప్పటికే మూతి ముడుచుకున్న మా బావ, ఆ రాత్రి భోజనం దగ్గర కూడా నోరు విప్పలేదు.

ఆ ఊరి ప్రసిద్ధ గోల్ఫ్ మైదానం ఓల్డ్ కోర్సులో ఆడాలంటే 2025 వేసవి సీజన్లో 340 పౌండ్లు ఉండేది. ఆదివారం మాత్రం మామూలుగా ఆట ఉండదు, ఎవరైనా ఊరికే తిరగొచ్చు. గ్రీన్ల (బంతి వేయాల్సిన రంధ్రం చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద, బంకర్లలో (ఇసుక గుంటలు) కాలు పెట్టకపోతే చాలు. ఉన్న 112 బంకర్లూ ఊరికే తవ్వినవి కావని మేమూ అలా నడిచాకే తెలిసింది.

12వ హోల్ (కోర్సులో పన్నెండో అంచె) టీ దగ్గర, అంటే మొదటి షాట్ కొట్టే చోట నిలబడితే ఎదురుగా అంతా మైదానమే. గ్రీన్ దాకా వెళ్లి వెనక్కి తిరిగితే ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా ఉండే పచ్చిక దారి) మధ్యలోనే గుంటలు! ఒకప్పుడు ఈ కోర్సును అటు నుంచి ఇటు ఆడేవారు మరి. 16లో ప్రిన్సిపల్స్ నోస్ అనే బంకర్లకీ కుడిపక్క కంచెకీ మధ్య సన్నని దారి ఉంది. ధైర్యం చేసి అందులో కొడితే గ్రీన్ సూటిగా దొరుకుతుంది. ఎడమవైపు బోలెడంత చోటు, కానీ అక్కణ్ణుంచి రెండో షాట్ కష్టం.

17 దగ్గర బావకి ప్రాణం లేచొచ్చింది. రోడ్ హోల్ బంకర్ చూడ్డానికి చిన్నదే. పచ్చిక పలకలను ఇటుకల్లా పేర్చిన నిలువు గోడ, అడుగున కాస్త ఇసుక. అయితే చుట్టూ నేల దాని వైపే వాలి ఉంది, పక్కన పడ్డ బంతి కూడా దొర్లుకుంటూ లోపలికే. 1978 ఓపెన్ టోర్నీలో జపాన్ ఆటగాడు నకజిమా రెండు షాట్లలో గ్రీన్ ఎక్కి, రంధ్రం వైపు మెల్లగా దొర్లిస్తే (పట్) బంతి అందులోకే జారింది. చివరికి ఆ హోల్‌కి 9 షాట్లయ్యాయి. దాన్ని తప్పించాలని గట్టిగా కొడితే గ్రీన్ వెనక రోడ్డు, రాతి గోడ. అందుకే 495 గజాల వెనక, టీ మీదే లెక్క మొదలవుతుంది: హోటల్ ఆవరణకు ఆనుకుని కుడికి కొడితే గ్రీన్‌కి దారి తెరుచుకుంటుంది, ఎడమకి పోతే ఆ గుంట మీదుగానే రావాలి.

"నేనైతే ఎడమకే కొట్టి, మూడోదానితో గ్రీన్ ఎక్కుతా, బోగీ చాలు" అన్నాడు బావ. బోగీ అంటే లెక్కకన్నా ఒక షాట్ ఎక్కువ. నేను ఒప్పుకోలేదు. 340 పోసి బోగీ కోసం ఆడతారా ఎవరైనా?

వెళ్లేవాళ్లు ఆదివారం కలిసొచ్చేలా టికెట్లు తీసుకోండి. స్టేషన్ ఊళ్లో లేదు, లూకర్స్‌లో దిగి బస్సెక్కాలి. వ్యూ గదికైతే ముందు ఫోటో అడగండి, లేదంటే ఆ 40 మిగుల్చుకోండి.